ఖాళీ ఇంటి అద్దెకు పైన వచ్చేదంతా కూలే

పోయిన నెలలో ఒక ఆదివారం పొద్దున డల్లాస్ నుంచి మా పిన్ని కొడుకు ఫోన్ చేశాడు. "అన్నయ్యా, బ్రోచర్ ఒకటి పంపాను, చూశావా?" అన్నాడు. హైదరాబాద్ ఫైనాన్షియల్ డిస్ట్రిక్ట్ దగ్గర కట్టబోతున్న స్టూడియో ఫ్లాట్లు, అంటే పడకా వంటా ఒకే గదిలో. ఒక్కోటి 450 చదరపు అడుగులు. మంచం, సోఫా, ఏసీ, వంటగది సామాను అన్నీ కంపెనీయే అమరుస్తుంది. రోజువారీ అతిథులకు ఇచ్చేదీ, తాళాలు చూసుకునేదీ కంపెనీయే. మొదటి మూడేళ్లు ఏడాదికి 9 శాతం అద్దె ఖాయం. కింద పెద్ద అక్షరాల్లో ఒక వాక్యం: "మీరు నిద్రపోతున్నా మీ ఇల్లు సంపాదిస్తుంది."

ఆ వాక్యం దగ్గర ఆగిపోయాను. కొండాపూర్‌లో మాకున్న రెండు పడకగదుల ఫ్లాటును 2022 మే నుంచి 2024 జూన్ దాకా, 26 నెలలు, నేనూ మా ఆవిడా రోజువారీ అద్దెకు నడిపాం. ఆ 26 నెలల్లో మా ఇల్లు మేం నిద్రపోతుండగా ఒక్క రూపాయీ సంపాదించలేదు. సంపాదించిన ప్రతిసారీ ఎవరో ఒకరు మేలుకునే ఉన్నారు. నేనో, మా ఆవిడో, వాచ్‌మనో, శుభ్రం చేయడానికి వచ్చే ఆమో.

వాడికి ఫోన్‌లో సరిగ్గా చెప్పలేకపోయాను. "వద్దురా" అంటే "నీకు కుదరలేదని అందరికీ కుదరదా అన్నయ్యా?" అన్నాడు. న్యాయమైన ప్రశ్నే. అందుకే తీరిగ్గా రాస్తున్నాను.

పదకొండు నుంచి రెండు దాకా

పొద్దున పదకొండుకు ఒకరు ఖాళీ చేయాలి, మధ్యాహ్నం రెండుకు ఇంకొకరు దిగాలి. రోజువారీ అద్దె అంటే ఈ మూడు గంటలే. మిగతాదంతా వాటి చుట్టూ తిరుగుతుంది.

తలుపు తీయగానే ముందు వాసన చూడాలి. సిగరెట్ వాసన ఉంటే కిటికీలు తెరిచి, కర్టెన్లు విప్పాలి. తర్వాత పక్కలు. ఫొటోల్లో బాగుంటాయని తెల్ల దుప్పట్లే కొన్నాం, ఆరు జతలు. తెల్ల దుప్పటి మీద కొబ్బరినూనె మరక ఉతికినా పోదు, ఎండలో ఆరేసినా పోదు. పసుపు మరకైతే సబ్బు తగలగానే ఎర్రబడి కూర్చుంటుంది. బాత్‌రూములో నీళ్లు పోయే జాలీ ఎత్తి వెంట్రుకలు తీయాలి. రిమోట్లు లెక్కపెట్టాలి, మూడు ఉండాలి. గీజరు ఆపారా, గ్యాస్ కట్టేశారా, ఫ్రిజ్‌లో ఏం వదిలారు, గ్లాసులు ఎన్ని పగిలాయి. ఈ లోపు రెండుకు రావలసిన వాళ్లు పన్నెండున్నరకే కింద నిలబడి ఫోన్ చేస్తారు, చంటిపిల్ల ఏడుస్తోందని.

శుభ్రం చేయడానికి వచ్చే ఆమెకు ఒక్కో మార్పుకు 350 రూపాయలిచ్చేవాళ్లం. ఒకరోజు బాల్కనీలో కూర్చుని టీ తాగుతూ అంది: "సార్, నెల రోజులు ఉన్నోళ్ల ఇల్లు ఊడిస్తే సాలు. ఒక్క రాత్రి ఉన్నోళ్ల ఇల్లు కడగాలె." ఈ వ్యాపారం గురించి నేను చదివినవాటన్నిటికన్నా ఈ మాటే నాకు ఎక్కువ నేర్పింది. ఒక్క రాత్రి కోసం వచ్చినవాడికి ఆ ఇల్లు వాడుకోవడానికి తప్ప కాపాడుకోవడానికి కాదు. తప్పు వాడిదని కాదు. లాడ్జిలో దిగితే మనమూ అంతే.

లెక్క ఇది

26 నెలల సగటు ఇస్తున్నాను. నెలకు 18 రాత్రులు నిండేవి, రాత్రికి సగటున 3,000. అంటే 54,000. ఎదురు ఫ్లాటు వాళ్లు సామాను లేని ఖాళీ ఇల్లు నెలకు 27,000కు ఇచ్చుకున్నారు. సరిగ్గా రెట్టింపు. మొదటి ఆరు నెలలూ నేను ఈ రెండు అంకెలు చూసుకునే మురిసిపోయాను.

ఇప్పుడు ఖర్చులు. బుకింగ్ యాప్‌ల కమీషన్ 8,100. నెలకు పది మార్పులకు శుభ్రం చేసినందుకు 3,500, లాండ్రీ 2,200. కరెంటు 3,800, ఎందుకంటే అతిథులు ఏసీ వేసి బయటికి వెళ్లిపోతారు. మెయింటెనెన్స్ 3,600. హైదరాబాద్‌లో మామూలుగా అద్దెకుండేవాళ్లే మెయింటెనెన్స్ కట్టుకుంటారు, రోజువారీకి ఇస్తే అది మన నెత్తినే. ఇంటర్నెట్ 900. సబ్బులు, టీపొడి, తాగే నీళ్ల క్యాన్లు, చెత్త సంచులు 1,400. రిపేర్లు 2,000. మొత్తం 25,500. చేతిలో మిగిలేది 28,500.

ఎదురింటి వాళ్లకన్నా నెలకు 1,500 ఎక్కువ. కానీ వాళ్లు ఇంట్లో రెండు ఫ్యాన్లు తప్ప ఏమీ పెట్టలేదు. మేం 6 లక్షల 40 వేలు పెట్టి సామాను కొన్నాం. ఆ సామాను ఆరేళ్లు వస్తుందనుకున్నా అరుగుదల నెలకు దాదాపు 8,900. అది తీసేస్తే మాకు మిగిలింది 19,600. ఇందులో మా ఆవిడ కష్టానికి ఒక్క రూపాయి వేయలేదు, నా కష్టానికీ వేయలేదు. వాచ్‌మన్‌కు పండక్కి ఇచ్చిన బట్టలు కూడా లెక్కలో రాయలేదు.

ఈ లెక్క వేసుకున్న రాత్రి నాకో సంగతి తట్టింది. ఆ ఇల్లు దానంతట అది ఇచ్చేది ఎదురింటి వాళ్లకు వస్తున్న 27,000 మాత్రమే. ఆ చోటుకు, ఆ గోడలకు, ఆ రోడ్డుకు ఊళ్లో వాళ్లు కట్టిన ఖరీదు అది. దాని పైన వచ్చే ప్రతి రూపాయీ ఎవరో ఒకరి కూలి, కాకపోతే సామాను అరుగుదల. కూలి ఎవరిదో, ఎవరికి అందుతోందో, ఎవరికి అందట్లేదో చూడకుండా దాన్ని "ఇంటి మీద రాబడి" అని పిలవడం తప్పు. కూలిని వడ్డీ అని రాసుకుంటున్నాం. ఆ లెక్కలతో ఇళ్లు కొంటున్నాం.

చట్టం కూడా ఈ రెంటినీ వేరుగానే చూస్తుంది. కాపురానికి ఇల్లు అద్దెకిస్తే మామూలు మనిషికి జీఎస్టీ లేదు. ఆదాయపు పన్ను లెక్కలో ఒక్క బిల్లూ చూపకుండా 30 శాతం మినహాయింపు కూడా ఉంది. అదే గదిని లాడ్జిలా రాత్రికింతని ఇస్తే జీఎస్టీ పడుతుంది. 7,500 లోపు గదులకు 12 శాతం ఉండేది, 2025 సెప్టెంబరు 22 నుంచి 5 శాతమైంది. యాప్ ద్వారా ఇచ్చినప్పుడు మనకు జీఎస్టీ నమోదు లేకపోయినా ఆ పన్ను యాప్ వాళ్లు కట్టాలి. విదేశీయుడు ఒక్క రాత్రి దిగినా 24 గంటల్లో ఫారం నింపి అధికారులకు తెలియజేయాలి. వైద్యానికి సూడాన్ నుంచి వచ్చిన ఒక కుటుంబం కోసం రాత్రి పదకొండున్నరకు పాస్‌పోర్టు నంబర్లు, వీసా తేదీలు ఒక్కొక్కటిగా ఎక్కిస్తూ కూర్చున్నది నాకు బాగా గుర్తు. ఇదంతా సత్రం నడిపేవాడి పని. ఇల్లు అద్దెకిచ్చేవాడి పని కాదు.

"ఇవాళ మీ ఇంట్లో ఎవరున్నారు బాబూ?"

కూలి లెక్క ఒక ఎత్తు, ఇంకొకటి పక్కవాళ్ల సంగతి. మా అపార్ట్‌మెంటులో 40 ఫ్లాట్లు. పై అంతస్తులో ఒక పెద్దావిడ ఉంటారు, పిల్లలు ఆస్ట్రేలియాలో. ఒక సాయంత్రం లిఫ్టులో కనిపించి అడిగారు, "ఇవాళ మీ ఇంట్లో ఎవరున్నారు బాబూ?" అని. కోపం లేదు, నిజంగా తెలుసుకుందామనే అడిగారు. నేను సమాధానం చెప్పలేకపోయాను. బుకింగ్ పేరు తెలుసు, ఆధార్ ఫొటో ఉంది, కానీ లోపల ఉన్నది ఎవరో నాకు తెలియదు. ఆవిడ తల ఊపి, "నిన్న రాత్రి ఎవరో మా తలుపు కొట్టారు, ఫ్లాటు తప్పుగా వచ్చామన్నారు. నాకు మళ్లీ నిద్ర పట్టలేదు" అన్నారు.

అంతకుముందు అసోసియేషన్ మీటింగులో ఇదే మాట వస్తే నేను గట్టిగా వాదించాను. నా ఇల్లు నా ఇష్టం అన్నాను, అందరి ఐడీ కార్డులు తీసుకుంటున్నాను అన్నాను. వాదనలో నెగ్గాను కూడా. లిఫ్టులో ఆవిడ వాదించలేదు, అడిగారంతే. నెలనెలా వచ్చే ఆ 54,000లో ఆవిడ పోగొట్టుకున్న నిద్ర కూడా ఉందని నాకు ఆ రోజే అర్థమైంది. ఆవిడకు మేం ఏమీ కట్టలేదు.

వాచ్‌మన్ సంగతి ఇంకా ఇబ్బందిగా ఉంటుంది. పాలమూరు వైపు నుంచి వచ్చిన కుటుంబం. సెల్లారులో ఒకటే గది, ఇద్దరు పిల్లలు. విమానం ఆలస్యమై రాత్రి ఒంటిగంటన్నరకు వచ్చే అతిథికి తాళం ఇవ్వాల్సింది ఆయనే. నంబర్ల తాళం పెట్టించాక కూడా గేటు తీయాలి, కారు ఎక్కడ పెట్టాలో చూపాలి. ఆయనకు జీతం ఇచ్చేది అసోసియేషన్, అంటే 40 ఇళ్లూ. ఆ 40 ఇళ్లు కొన్న నిద్రను నేనొక్కణ్ణే వాడుకున్నాను. అప్పుడప్పుడూ చేతిలో పెట్టిన 50 రూపాయలు దానికి సమానం కావు.

న్యూయార్క్‌లో 2023 సెప్టెంబరు నుంచి 30 రోజుల లోపు అద్దెకు ఇవ్వాలంటే ఇంటాయన ఆ ఇంట్లోనే ఉండాలని, ఇద్దరికి మించి అతిథులు ఉండకూడదని, నగరపాలక సంస్థ దగ్గర నమోదు చేసుకోవాలని కచ్చితంగా అమలు చేస్తున్నారు. బార్సిలోనా 2028 నవంబరు కల్లా 10,101 పర్యాటక ఫ్లాట్ల లైసెన్సులను పునరుద్ధరించకుండా ఆపేస్తామని 2024లో ప్రకటించింది. అక్కడి బాధ వేరు, ఊరి వాళ్లకే ఇళ్లు దొరకడం లేదు. కొండాపూర్‌లో ఏ వీధిలో చూసినా టు-లెట్ బోర్డులు ఉన్నాయి కాబట్టి ఆ వాదనను ఇక్కడికి తెచ్చి అతికించను. కానీ "ఇంటాయన ఇంట్లోనే ఉండాలి" అన్న షరతు మాత్రం నాకు సబబుగా అనిపిస్తుంది. పక్కింటివాళ్లు అడిగితే జవాబు చెప్పే మనిషి అక్కడ ఉంటాడు.

కుదిరినవాళ్లు

మా తమ్ముడి ప్రశ్నకు ఇక్కడ జవాబు చెప్పాలి. కుదిరినవాళ్లున్నారు. విశాఖలో నా భార్య స్నేహితురాలు ఒకావిడ ఉంది. బీచ్ రోడ్డుకు నడిచి వెళ్లేంత దూరంలో సొంతిల్లు, కింద కాపురం, పైన రెండు గదులు అతిథులకు. పొద్దున్నే పెసరట్టు వేసి పెడుతుంది. అరకు వెళ్లే రైలు ఎన్నింటికో, సింహాచలంలో ఏ వేళప్పుడు రద్దీ తక్కువో చెబుతుంది. ఆమెకు మంచి డబ్బులే వస్తాయి. "పెట్టుబడి ఎలా ఉంది?" అని అడిగితే ఆశ్చర్యపోయింది. "పెట్టుబడేమిటండీ, ఇది నా ఉద్యోగం" అంది.

పూర్వం మన ఊళ్లలో పూటకూళ్లిళ్లు నడిపిన ఆడవాళ్లదీ ఇదే పని. రోజూ చెమటోడ్చి, వచ్చినవాళ్లకు అన్నం పెట్టి బతికారు. దాన్ని ఎవరూ ఆస్తి అనలేదు, వృత్తి అన్నారు. విశాఖ స్నేహితురాలు ఆ వరసలో మనిషి. ఆమె గెలిచిందని చూపించి, అమెరికాలో ఉన్నవాడికి గచ్చిబౌలిలో స్టూడియో అమ్మడం నాకు మింగుడుపడదు. ఆమె దగ్గరున్నది వాడి దగ్గర లేదు. ఉన్నదల్లా ఇంకొకరి కష్టాన్ని కొనగలిగే స్తోమత. ఆ కష్టానికి ధర కట్టి ఇస్తే మిగిలేది ఖాళీ ఇంటి అద్దే.

సామానుతో, నెలలకు

2024 జూలై నుంచి పద్ధతి మార్చాం. ఒక నెలకు తక్కువైతే ఇవ్వం. గచ్చిబౌలిలో పెద్దాసుపత్రులు మా ఇంటికి దగ్గర. ఆపరేషన్ అయ్యాక కొన్ని వారాలు డాక్టర్లు ఊరు వదలొద్దంటారు. కాలేయం మార్చినవాళ్లకైతే నెలల మాట. హోటల్లో అన్నాళ్లు ఉండలేరు, ఖాళీ ఇల్లు తీసుకుని సామాను కొనలేరు. అమర్చిన ఇల్లు నిజంగా అవసరమయ్యేది వీళ్లకు.

మొదట వచ్చింది శ్రీకాకుళం జిల్లా నుంచి ఒక కుటుంబం. తండ్రికి కాలేయ మార్పిడి, కొడుకే దాత. వాళ్లు వచ్చిన రోజు ఇంటిని చూసిన తీరు నేను మరిచిపోలేదు. ఫొటోల కోసమని 18,500 పెట్టి కొన్న వేలాడే దీపాన్ని ఎవరూ తలెత్తి చూడలేదు. ఆ తల్లి నేరుగా బాత్‌రూములోకి వెళ్లి, నేల జారుతుందేమో కాలితో రాసి చూసింది. "పట్టుకోడానికి ఏమైనా ఉందా బాబూ?" అని అడిగింది. లేదు. ఫ్రిజ్ తెరిచి మందులకు ఒక అర వేరుగా ఉంచొచ్చా అని అడిగింది. సోఫా తీసేసి అక్కడ ఇంకో మంచం వేయగలమా అంది, రాత్రిపూట ఆయన పక్కన ఒకరు ఉండాలని. మర్నాడే 1,150 రూపాయలతో బాత్‌రూములో రెండు స్టీలు కడ్డీలు బిగించాను. ఆ ఇంట్లో పెట్టిన సామానంతటిలో ఒకరికి నిజంగా పనికొచ్చిన మొదటి వస్తువులు అవేనేమో అనిపించింది.

ఇప్పుడు లెక్క. నెలకు 55,000, కరెంటు వాళ్లదే. ఏడాదిలో పదిన్నర నెలలు నిండుతోంది, అంటే సగటు 48,000 పైచిలుకు. మెయింటెనెన్స్, ఇంటర్నెట్, రిపేర్లు, మధ్యలో ఒకసారి శుభ్రం కలిపి 6,000. సామాను నెమ్మదిగా అరుగుతోంది కాబట్టి ఎనిమిదేళ్లు వేసుకుంటే నెలకు 6,700. మిగిలేది సుమారు 35,400. ఎదురిల్లు ఇప్పుడు 32,000. అంటే నాకు వస్తున్న అదనం 3,400. ఫోన్లు మాట్లాడినందుకు, ఒప్పందాలు రాసుకున్నందుకు, గీజరు పాడైతే మనిషిని పంపినందుకు అది నా కూలి. నిజాయితీగా చూస్తే అంతే, దానికి నాకు అభ్యంతరం లేదు. పై అంతస్తు పెద్దావిడ ఇప్పుడు ఆ ఇంట్లో ఉన్నవాళ్లకు పథ్యం చారు పంపుతారు.

ఇందులోనూ నన్ను పీకే సంగతి ఒకటుంది. జబ్బుతో వచ్చినవాళ్ల దగ్గర సంపాదిస్తున్నానా అని. ఒక కుటుంబం నెల అద్దె, ఒక నెల అడ్వాన్సు కట్టి వచ్చింది. పంతొమ్మిదో రోజున ఆయన ఆసుపత్రిలోనే పోయారు. మర్నాడు కొడుకు తాళాలు ఇవ్వడానికి వచ్చాడు. ఒప్పందం ప్రకారం మిగిలిన పదకొండు రోజుల డబ్బు నాదే. అతను అడగలేదు కూడా. అతను లిఫ్టు దాకా వెళ్లేవరకూ నేను ఆలోచిస్తూ నిలబడ్డాను, తర్వాత వెనక్కి పిలిచి అడ్వాన్సుతో పాటు ఆ రోజుల డబ్బూ ఇచ్చాను. ఆ కాసేపు ఆలోచించవలసి వచ్చినందుకు ఇప్పటికీ బాధే. అప్పటి నుంచి ఒప్పందంలోనే రాసేస్తున్నాను: మధ్యలో ఖాళీ చేయాల్సి వస్తే ఉన్న రోజులకే అద్దె. ఆ పదిన్నర నెలల సగటు ఈ షరతుతోనే వచ్చింది.

మూడేళ్ల హామీ ఎక్కడి నుంచి వస్తుంది

ఇక తమ్ముడి బ్రోచర్. అదే కంపెనీ అదే రోడ్డులో మామూలు ఫ్లాట్లూ అమ్ముతోంది, చదరపు అడుగు 8,200. సామానుతో వచ్చే స్టూడియో 11,500. తేడా 3,300. 450 అడుగులకు 14 లక్షల 85 వేలు. ఇప్పుడు స్టూడియో మొత్తం ధర 51 లక్షల 75 వేల మీద 9 శాతం మూడేళ్లకు కట్టి చూడండి. 13 లక్షల 97 వేలు. సామాను ఖరీదు అందులోనే ఉందంటారా, ఉండనివ్వండి. గదుల్లోకి ఒక్క అతిథి దిగకపోయినా కంపెనీ ఆ మూడేళ్ల "అద్దె" కట్టగలదు, తమ్ముడు ముందే ఇచ్చిన డబ్బులోంచి. నాలుగో ఏడాది నుంచి ఏమిటని బ్రోచర్‌లో వెతికాను. "మార్కెట్ ప్రకారం" అని ఉంది.

స్థలం ధర పెరుగుతుంది కదా అంటారు. పెరగవచ్చు, హైదరాబాద్‌లో పెరిగింది కూడా. మా ఫ్లాటు ఇప్పుడు కోటీ పది లక్షలు పలుకుతోంది, ఖాళీ ఇంటి అద్దె దాని మీద ఏడాదికి మూడున్నర శాతం. నేను ఆ ఇల్లు అమ్మకపోవడానికి ఆ పెరుగుదల కూడా ఒక కారణం. కానీ పెరిగేది ఆ నేలలో మన వాటా. 450 అడుగుల స్టూడియోకు ఎన్ని గజాలు వస్తాయో బ్రోచర్‌లో లేదు, వాడూ అడగలేదు. మంచాలు, ఏసీలు పెరగవు.

ఇదంతా వాడికి రాసి పంపితే వాడు ఇంకో సంగతి చెప్పాడు. రెండేళ్ల కింద డల్లాస్ నుంచి మూడు గంటల దూరంలో, ఓక్లహోమాలోని బ్రోకెన్ బో దగ్గర ఒక క్యాబిన్ కొన్నాడట. అక్కడి మనవాళ్లలో చాలామంది కొంటున్నారట, పన్ను కోసం. అతిథుల సగటు బస ఏడు రోజుల్లోపు ఉంటే అమెరికా పన్ను చట్టం దాన్ని అద్దె వ్యవహారంగా చూడదు. యజమాని స్వయంగా పని చేస్తే అందులో వచ్చిన నష్టాన్ని పన్ను లెక్కలో జీతంలోంచి తీసేసుకోవచ్చు. 2025లో వచ్చిన చట్టంతో సామాను ఖరీదంతా మొదటి ఏడాదే నష్టంగా రాసుకునే వీలు మళ్లీ వచ్చింది. అయితే పని చేశానని నిరూపించుకోవాలి. ఒక పద్ధతి ప్రకారం ఏడాదికి 100 గంటలు దాటాలి, ఇంకెవరూ అంతకన్నా ఎక్కువ గంటలు చేసి ఉండకూడదు. అందుకని వాడు ఎక్సెల్‌లో గంటలు రాసుకుంటున్నాడు. అతిథులకు జవాబులు, హాట్ టబ్ బాగుచేయించడం, పరుపులు మార్చడం. శుభ్రం చేసే ఆమె గంటలు తనవాటిని మించకుండా అవి కూడా రాస్తున్నాడు.

"చూడు, నువ్వు అడుగుతున్న లెక్క నీ దగ్గరే ఉంది" అన్నాను. ఆ చట్టం వాణ్ణి అడిగేది ఇదే: నువ్వెన్ని గంటలు పని చేశావు? ఆ ఎక్సెల్‌లో ఇంకొక వరుస కలపమన్నాను. అన్నీ పోను మిగిలిన దాంట్లోంచి, అక్కడ ఖాళీ క్యాబిన్‌ను ఏడాదికి అద్దెకిస్తే వచ్చేది తీసేసి, మిగతాదాన్ని తన గంటలతో భాగించి, గంటకు ఎన్ని డాలర్లు పడిందో రాయమన్నాను.

వారం రోజులైంది. స్టూడియోకు అడ్వాన్సు కట్టడం ఆపాడని పిన్ని చెప్పింది. ఎక్సెల్ ఇంకా పంపలేదు.